నువ్వు–మీరు మీద పరిశోధనకు సర్వే సరిపోతుందా, మాటలు రికార్డు చేయాల్సిందేనా?

ప్రశ్న అడిగినవారు: తొలిఅడుగు

నమస్కారం. భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ మొదటి ఏడాది. తెలుగువాళ్లు ఇంట్లో, ఆఫీసులో ఎదుటి మనిషిని ఎలా పలకరిస్తారన్నది విషయం. ఎక్కడ నువ్వు, ఎక్కడ మీరు, ఎక్కడ సార్, మేడం, అన్నా, అక్కా, ఎక్కడ అండి. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు, ఒక బ్యాంకు శాఖ, ఒక ప్రింటింగ్ ప్రెస్, వీటితో పాటు ఆరు కుటుంబాలు అనుకున్నాం.

నలభై ప్రశ్నల ప్రశ్నావళి తయారుగా ఉంది, 200 మందికి పంపాలని ఆలోచన. "మీ పై అధికారితో ఎలా మాట్లాడతారు?", "నాన్నగారిని నువ్వు అంటారా, మీరు అంటారా?" లాంటివి అందులో ఉన్నాయి. గైడ్ అది చూసి, "ఇది జనం ఏమంటున్నామనుకుంటున్నారో చెబుతుంది, ఏమంటున్నారో చెప్పదు. మాటలు రికార్డు చెయ్యి" అన్నారు.

ఇప్పుడు సందేహాలు. ఎన్ని గంటల రికార్డింగు ఉంటే సిద్ధాంత గ్రంథానికి సరిపోతుంది? ఫోనుతో చేయొచ్చా? రాసుకునేటప్పుడు తెలుగు లిపిలో రాయాలా, రోమన్‌లోనా? అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది ఇది: "టీ కావాలా?" అన్న వాక్యాన్ని ఏ ఖానాలో వేయాలి? అందులో నువ్వూ లేదు, మీరూ లేదు. సర్వేని పూర్తిగా మానేయాలా? ఈ పని తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.


జవాబు 1: క్రియాంతం

మీ గైడ్ మాట వినండి. సర్వే కొన్నిటికి బాగానే పనికొస్తుంది గానీ, సంబోధన విషయంలో బాగా దెబ్బతింటుంది. ఇది మర్యాదతో ముడిపడ్డ సంగతి కాబట్టి, అడిగితే మనిషి తాను ఎలా మాట్లాడాలనుకుంటాడో అదే చెబుతాడు. పైగా ఈ రూపాలు నోట్లో తెలియకుండానే మారిపోతుంటాయి. ఒకే సహోద్యోగిని టీ కొట్టు దగ్గర "చూశావా" అన్న మనిషే మీటింగులో పదిమంది ముందు "చూశారా" అంటాడు. మీ ప్రశ్నావళిలో ఆ రెండు సందర్భాలకీ కలిపి ఉన్నది ఒక్క గడి. ఆ గడిలో అతను రాసేది రెండింటిలో ఏదో ఒకటే.

ఈ రంగంలో అందరూ మొదలుపెట్టేది రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో యూరప్ భాషల సర్వనామాల మీద రాసిన వ్యాసంతో. అధికారం, సాన్నిహిత్యం అనే రెండింటి మీద వాళ్లు మొత్తం విషయాన్ని నిలబెట్టారు. ఇద్దరూ ఒకే రూపం ఇచ్చిపుచ్చుకుంటున్నారా, లేక ఒకరు నువ్వు అంటే ఇంకొకరు మీరు అంటున్నారా అన్నది చూడమన్నారు. అందుకని ఒక మనిషి ఎదుటివారిని ఏమన్నాడన్నదే కాదు, ఆ ఎదుటివారు తిరిగి ఏమన్నారన్నదీ మీకు కావాలి. జంటలో ఒక వైపు మాటలే దొరికితే ఆ జంటను పక్కన పెట్టండి.

అయితే వాళ్ల లెక్క సర్వనామం మీద నడిచింది. తెలుగులో సర్వనామం చాలాసార్లు నోటి దాకా రాదు. "ఎప్పుడొచ్చారు?" అన్నదాంట్లో మీరు ఎక్కడుంది? గౌరవమంతా ఆ చివరి "రు" మీదే ఉంది. ఫైల్లో "మీరు", "నువ్వు" అని వెతికి లెక్కపెడితే అసలు డేటాలో పెద్ద ముక్క జారిపోతుంది. క్రియ చివర నుంచి లెక్క మొదలుపెట్టండి. సర్వనామం, పిలుపు (సార్, అన్నా, పేరు), అండి, రా, ఏ లాంటి చేర్పులు, వీటన్నిటికీ వేర్వేరు ఖానాలు పెట్టండి. ఒక్కో మాటలో వాటిలో ఎన్ని ఉన్నాయో విడివిడిగా నమోదు చేయండి.

ఇక మీ "టీ కావాలా?" సంగతి. నన్నడిగితే మీ గ్రంథానికి ప్రాణం అక్కడే ఉంది. కావాలి, తెలుసు, వచ్చు, చాలు, ఇష్టం, ఇవి మనిషిని బట్టి మారవు. "రావాలి", "కూర్చోవచ్చు", "చేయకూడదు" లాంటివీ అంతే. "నీకు", "మీకు" వదిలేస్తే వాక్యంలో ఎవరి హోదా బయటపడదు. వయసులో చిన్న, ఉద్యోగంలో పెద్ద అయిన కొత్త మేనేజరుతో పాత ఉద్యోగి మాట్లాడేటప్పుడు ఇలాంటివి ఎక్కువ వస్తాయేమో చూడండి: "ఫైలు పంపాలి కదా", "సంతకం ఎక్కడ?", "మీటింగు ఎన్నింటికి?" వీటిని వదిలేయకుండా "గుర్తు లేనిది" అని మూడో ఖానా పెట్టండి. పూర్తి ఇంగ్లీషు వాక్యానికి నాలుగోది, ఎందుకంటే "యూ"లో నువ్వూ మీరూ ఒకటే. కానీ "చెక్ చేస్తారా" అన్నది ఇంగ్లీషు మాట ఉన్నా మీరు కిందికే వస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. గుర్తు లేని ప్రతి వాక్యాన్నీ "తప్పించుకున్నాడు" అని రాసేయకండి. "టీ కావాలా" అన్నది అన్నదమ్ముల మధ్య కూడా అలాగే వస్తుంది. తప్పించుకున్నాడని అనాలంటే రెండిట్లో ఒక ఆధారం చూపించాలి. అదే మనిషి అదే రకం పని గురించి వేరేవాళ్లతో మాట్లాడేటప్పుడు "పంపావా", "పంపారా" అని గుర్తున్న రూపాలు వాడుతున్నాడని చూపడం ఒకటి. లేదంటే మాట మధ్యలో ఆగి సర్దుకున్న చోటు, "నువ్వ- అది పంపాలి కదా" లాంటిది. సంభాషణ విశ్లేషకులు షెగ్లాఫ్, జెఫర్సన్, శాక్స్ 1977లో చూపించింది ఇదే: మాటలో తేడా వస్తే ఎదుటివాడు దిద్దేలోపు మాట్లాడేవాడే దిద్దుకునే వైపు మొగ్గు ఉంటుంది. ఆ తెగిపోయిన "నువ్వ-" మీకు బంగారం. రాసేటప్పుడు దాన్ని శుభ్రం చేసి తీసేయకండి.

మూడు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఎదురుగా ఉన్న మనిషి మీద గౌరవం, మాటలో ప్రస్తావించిన మనిషి మీద గౌరవం కలిపేయడం మొదటిది. "ఆయన వచ్చార్రా" అన్నప్పుడు గౌరవం ఆయనకు, చనువు వింటున్నవాడికి. "వాడొచ్చాడండి" అన్నప్పుడు సరిగ్గా తిరగబడింది. రెండిటికీ ఒక్క ఖానా ఉంటే లెక్క పాడైపోతుంది. రెండోది, ఇద్దరిని కలిపి "వచ్చారా?" అన్నదాన్ని గౌరవం కింద వేయడం. అది ఉత్త బహువచనం కావచ్చు. ఎవరివైపు చూసి అన్నారో తెలియకపోతే దాన్ని లెక్కలోంచి తీసేయండి. మూడోది ప్రాంతం. "వచ్చిన్రా", "వచ్చిండ్రా", "రాండ్రి" అన్నవి విన్నట్టే రాయండి, "వచ్చారా", "రండి" అని మార్చకండి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ "అన్నా, నువ్వు చెప్పు" అనడంలో అమర్యాద ఏమీ లేదు. అక్కడ గౌరవాన్ని మోసేది "అన్నా" అన్న పిలుపు. క్రియను మాత్రమే చూసి "గౌరవం తక్కువ" అని రాస్తే మీరు చదువుతున్నది మీ సొంత ఊరి అలవాటునే తప్ప వాళ్ల మాటను కాదు.


జవాబు 2: చెవికలం

రికార్డింగు, రాత గురించి నేను చెబుతాను.

ఫోను పనికొస్తుంది, ఒక షరతు మీద: కుదించని వేవ్ ఫైలుగా దాచే యాప్ ఉండాలి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ పెట్టండి. స్టీరియో అయితే గంటకు సుమారు 690 ఎంబీ, మోనో అయితే అందులో సగం. ఎంపీ3 వద్దు. మెల్లగా పలికిన చివరి అక్షరాలు, ఊపిరి చప్పుళ్లు కుదింపులో ముందు దెబ్బతింటాయి, మీకు కావలసింది సరిగ్గా ఆ చివరి అక్షరమే. వాట్సాప్‌లో పంపించుకున్న ఆడియోను మూలం అనుకోవద్దు, కార్డులోంచి నేరుగా కాపీ చేసుకోండి. గట్టిగా మాట్లాడినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకుంటే నవ్వులకీ అరుపులకీ చోటు ఉంటుంది.

మన ఆఫీసుల్లో, ఇళ్లలో అసలు శత్రువు సీలింగ్ ఫ్యాను. రికార్డరును దాని కింద పెట్టకండి. బల్ల మీద నేరుగా పెడితే గ్లాసు పెట్టినా పెన్ను పడేసినా దడేల్మంటుంది, నాలుగు మడతలు వేసిన తువ్వాలు కింద వేయండి. మాట్లాడేవాళ్లకి మీటరు లోపు దూరం ఉండాలి. బ్యాంకు కౌంటరు దగ్గర అద్దం అడ్డు ఉంటే ఒక్క మైకుతో కుదరదు, లోపల ఒకటి, బయట ఒకటి. రెండు పరికరాలు వాడితే మొదట్లో ఒక చప్పట్లు కొట్టండి, తర్వాత రెండింటినీ జత చేయడానికి ఆ చప్పుడే గుర్తు. వీడియో దొరికితే వదలకండి. ఇద్దరు వింటున్నప్పుడు "చూశారా" ఎవరినన్నారో చూపు చెబుతుంది, చెవి చెప్పదు.

మనం చూస్తున్నామని తెలిస్తే మాట మారుతుంది, భాషాశాస్త్రవేత్త లబోవ్ దీనికే పరిశీలకుడి చిక్కు అని పేరు పెట్టాడు. దీన్ని పూర్తిగా పోగొట్టలేం, తగ్గించవచ్చు. యంత్రాన్ని నాలుగైదు రోజులు అక్కడే ఉంచండి, మొదటి రోజుది విశ్లేషణకు వాడకండి, మీరు గదిలో ఉండకండి. "నువ్వు, మీరు మీద పరిశోధన" అని ముందే చెబితే ఆ రోజంతా అందరూ మీరే. "ఆఫీసులో మాట్లాడుకునే తీరు మీద" అని నిజమే, కానీ విశాలంగా చెప్పండి, పూర్తి వివరం చివర్లో చెప్పి, అప్పుడు కూడా వెనక్కి తీసుకునే వీలు ఇవ్వండి.

గంటల సంగతి: మొత్తం ఎనిమిది నుంచి పది గంటల పనికొచ్చే మాటలు ఉంటే చాలు. అంతకు మించి పోగేస్తే రాయలేరు. మాటలు మాత్రమే పైపైన రాసుకోవడానికే గంట ఆడియోకి ఐదారు గంటలు పడుతుంది. విరామాలు, ఒకరి మీద ఒకరు మాట్లాడటం, సాగదీత అన్నీ గుర్తిస్తూ గెయిల్ జెఫర్సన్ పద్ధతిలో రాస్తే నిమిషానికి ఇంచుమించు గంట. కాబట్టి మొత్తం పైపైన రాసి, సంబోధన మారిన చోట్లు ఏరుకుని, వాటికి ముందూ వెనకా ముప్పై సెకన్లు కలిపి వాటినే వివరంగా రాయండి.

రాతకు ఈలాన్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, నెదర్లాండ్స్‌లో నైమేగన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ ఉచితంగా ఇస్తుంది. మనిషికొక వరస పెట్టండి. విరామాలు కొలవడానికి ప్రాట్ అనే ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేర్, అదీ ఉచితమే. విరామాన్ని సెకనులో పదో వంతు దాకా రాస్తారు, 0.2 కంటే తక్కువైతే చుక్క పెట్టి వదిలేస్తారు. ఇంత సూక్ష్మం ఎందుకంటే, స్టివర్స్ బృందం 2009లో పది భాషల్లో అవును–కాదు ప్రశ్నలకు జవాబు ఎంతలో వస్తుందో కొలిస్తే సగటున 0.2 సెకన్లు తేలింది. జపనీస్‌లో దాదాపు సున్నా, డేనిష్‌లో అర సెకనుకు కాస్త తక్కువ. ఆ పదింటిలో తెలుగు లేదు, ఏ ద్రావిడ భాషా లేదు. ఆ అంకెను తెలుగుకు అంటగట్టకుండా మీ డేటాలోనే మామూలు విరామం ఎంతో ముందు తేల్చుకోండి.

నమూనా చూడండి. ఇది వివరించడం కోసం అల్లింది, డేటా కాదు. క ఉద్యోగి, చ పై అధికారి. బ్రాకెట్లో అంకె విరామం సెకన్లలో, (.) చిన్న విరామం, :: సాగదీత, - తెగిన మాట, [ ఒకరి మీద ఒకరు మాట్లాడిన చోటు.

01 క: సార్ ఆ ఫైలు:: (0.4) పంపాలి కదా.
02 (0.7)
03 చ: ఏ ఫైలు?
04 క: నిన్నటిదండి. మీరు చూశారా [సార్.
05 చ: [ఆ చూశా.
06 క: అయితే పంపే- (.) పంపమంటారా.

ఒకటో వరసలో "సార్" ఉంది గానీ క్రియలో గుర్తు లేదు. 0.7 సెకన్లు జవాబు రాలేదు. నాలుగో వరసలో అండి, మీరు, రు, సార్, నాలుగూ ఒకేసారి దిగాయి. ఆరులో "పంపే-" తెగింది, "పంపేస్తాను" అనబోయి "పంపమంటారా" అని అనుమతి అడిగే రూపంలోకి మారినట్టుంది. సర్వేలో ఈ మనిషి "పై అధికారిని మీరు అంటాను" అని ఒక్క ముక్క రాసి ఉండేవాడు.

నాలుగో వరస చివరి "సార్" చూడండి. వాక్యం "చూశారా"తోనే అయిపోయింది కాబట్టి ఎదుటివాడు అక్కడే అందుకున్నాడు. చివర తగిలించిన పిలుపుల మీద ఎదుటి మాట ఇలా సరిగ్గా వచ్చి పడుతుందని జెఫర్సన్ 1973లోనే రాసింది. తెలుగులో సార్, మేడం, అన్నా చాలాసార్లు క్రియ తర్వాతే వస్తాయి, కాబట్టి ఎదుటి గొంతు కింద పడి రాసేవాళ్ల చెవికి అందకుండా పోయేవీ అవే. ఒకరి మీద ఒకరు మాట్లాడిన ప్రతి చోటూ వేగం తగ్గించి, హెడ్‌ఫోన్లో కనీసం మూడుసార్లు వినండి.

లిపి తెలుగే వాడండి, పక్కన రోమన్ వరస ఒకటి ఉంచండి. వెతకడంలో రోమన్ అవసరం తెలుస్తుంది: "వచ్చారు", "వచ్చారా", "వచ్చారండి"లో గౌరవ ప్రత్యయం ఒకటే అయినా తెలుగు లిపిలో అక్షరం మూడు రకాలుగా మారుతుంది. రోమన్‌లో ఆర్ ఒక్కటి పట్టుకుంటే మూడూ దొరుకుతాయి. తెలుగు లిపిలో మరికొన్ని ఇబ్బందులు కూడా ఉన్నాయి. సాగదీతకు దీర్ఘం పెట్టకండి, దీర్ఘం తెలుగులో అర్థాన్ని మారుస్తుంది, కోలన్ వాడండి. కీబోర్డులో కోలన్ బదులు విసర్గ పడుతుంది, కంటికి తేడా తెలియదు, వెతికితే దొరకదు. సంయుక్తాక్షరం మధ్యలో బ్రాకెట్ పెడితే అక్షరం విరిగిపోతుంది, ఆ అక్షరానికి ముందే పెట్టి, సరైన చోటు రోమన్ వరసలో చూపండి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో కనిపించకుండా ఉండే విడదీత గుర్తు ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. "ఐ" గుణింతం గుర్తుకు యూనికోడ్‌లో ఒకే సంకేతంగా ఒక రూపం, రెండు సంకేతాలుగా ఒక రూపం ఉన్నాయి. లెక్కకు ముందు అన్ని ఫైళ్లనూ, ఇలాంటి రెండు రూపాలనూ ఒకటి చేసే ఎన్ఎఫ్‌సీ అనే యూనికోడ్ రూపానికి మార్చండి, ఆ కనిపించని గుర్తును అన్నిచోట్లా ఒకే తీరున ఉంచండి.

ఆడియోను తనంతట తానే అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ పైపై రాతకు సాయపడొచ్చు, అంతకు మించి నమ్మకండి. "ఆ", "ఊఁ", తెగిన మాటలు, తడబాట్లు అది మింగేస్తుంది, "వచ్చిన్రు"ను "వచ్చారు" చేసేస్తుంది. బయటి సర్వరుకు ఎక్కించేది అయితే అనుమతి పత్రంలో ఆ మాట ఉండి తీరాలి.


తొలిఅడుగు:

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు సంగతులు మిగిలాయి. ఆఫీసుల యాజమాన్యాలు నోటిమాటగా సరేనన్నాయి, అది చాలా? ఇంకొకటి, ఖానాల్లో వేసే పని నేనొక్కడినే చేస్తే కమిటీ ఒప్పుకోదంటున్నారు. రెండో మనిషి చేత ఎంత భాగం చేయించాలి, ఇద్దరికీ ఎంత కుదిరితే సరే అంటారు?


జవాబు 3: క్షేత్రపని

యాజమాన్యం సరేనంటే లోపలికి వెళ్లడానికి అనుమతి దొరికినట్టు, అంతే. ఉద్యోగి అనుమతి ఉద్యోగి దగ్గరే తీసుకోవాలి, అదీ మేనేజరు లేనప్పుడు. మేనేజరు ముందు కాగితం పెడితే వద్దనే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు ఒప్పుకోలేదో మేనేజరుకు తెలియకూడదు. ఒప్పుకోనివారి గొంతు పడితే ఆ ముక్క చెరిపేస్తానని రాతపూర్వకంగా ఇవ్వండి.

యూనివర్సిటీ నైతిక కమిటీ అనుమతి రికార్డింగుకు ముందే రావాలి, తర్వాత తెచ్చుకునేది కాదు. అనుమతి పత్రం తెలుగులో, ఒక పేజీలో, చదివి వినిపించేలా ఉండాలి. ఒక్క సంతకంతో అన్నీ కలిపి తీసుకోకండి. రికార్డు చేయడానికి ఒక గడి, అచ్చులో మాటలు వాడటానికి ఒకటి, సదస్సులో గొంతు వినిపించడానికి ఇంకొకటి, వీడియో చూపడానికి ఇంకొకటి. చాలామంది మొదటి రెండూ ఒప్పుకుని చివరి రెండూ ఒప్పుకోరు, అది వాళ్ల హక్కు. ఎన్నేళ్లు దాస్తారు, ఎవరు వింటారు, వెనక్కి తీసుకోవాలంటే ఏ తేదీలోపు చెప్పాలి, ఇవి ఖాళీలుగా వదలకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ, దాన్ని అడ్డం పెట్టుకుని అనుమతి మానేయడం తప్పు.

బ్యాంకులో ఇంకో చిక్కుంది. ఖాతాదారులు వస్తారు, ఖాతా నంబర్లు, మొత్తాలు చెబుతారు. నా సలహా, కౌంటరు వదిలేసి సిబ్బంది భోజనాల గది, లోపలి మీటింగులు తీసుకోండి. కౌంటరే కావాలంటే ప్రతి ఖాతాదారుకీ విడిగా చెప్పి ఒప్పించాలి, వరసలో నిలబడ్డ మనిషికి అది భారం.

పేర్లు మార్చేటప్పుడు అక్షరాల సంఖ్య, పిలిచే తీరు నిలబెట్టండి. "శ్రీనివాస్"ను ఒకరు "శీను" అంటే మారుపేరుకూ పొట్టి రూపం ఉండాలి, లేకపోతే మీరు కొలవాల్సిన చనువే పోతుంది. ఇంటిపేరు, ఊరు, పండగ వివరం, ఇవి మూడూ కలిస్తే పేరు తీసేసినా మనిషి దొరికిపోతాడు. ఆడియోలో పేరున్న చోట బీప్ వేస్తే రాగం కూడా పోతుంది. ప్రాట్‌లో ఆ ముక్క వరకు 400 హెర్ట్జ్ పైవన్నీ వడగడితే మాట అర్థం కాదు, గొంతు ఎక్కడ లేచిందో ఎక్కడ దిగిందో నిలుస్తుంది.


జవాబు 4: గణాంకం

రెండో మనిషికి మొత్తంలో ఐదో వంతు ఇస్తే సాధారణంగా ఒప్పుకుంటారు. కానీ ఆ ఐదో వంతును మీరు ఏరి ఇవ్వకండి, యాదృచ్ఛికంగా తీయండి, ప్రతి ఆఫీసు నుంచీ ప్రతి ఇంటి నుంచీ వచ్చేలా చూడండి. అతను కాగితం చదివి కాదు, ఆడియో విని వేయాలి. కాగితం ఇస్తే మీ చెవి పొరపాట్లను అతనూ ఒప్పుకున్నట్టే.

"నూటికి ఇన్ని కుదిరాయి" అని రాసి ఊరుకోవద్దు. ఒక లెక్క చూడండి. 200 మాటలు, ఇద్దరికీ 170 కుదిరాయి, అంటే 85 శాతం. వినడానికి బాగుంది. కానీ ఖానాలు రెండే ఉండి, ఇద్దరూ 80 శాతం మాటల్ని మీరు కిందే వేశారనుకోండి. కళ్లు మూసుకుని వేసినా 0.8 × 0.8, 0.2 × 0.2 కలిపి 0.68 ఊరికే కుదురుతుంది. ఊరికే కుదిరేదాన్ని తీసేసి కొలిచే కోహెన్ కప్పా అంటే 0.85లోంచి 0.68 తీసి, మిగిలిన 0.17ను 0.32తో భాగించడం. వచ్చేది 0.53. లాండిస్, కోక్ 1977లో ఇచ్చిన కొలమానం ప్రకారం అది మధ్యస్థం, 0.61 దాటితే గట్టిది, 0.81 దాటితే దాదాపు పూర్తి. 0.7 లోపు వస్తే డేటాను కాదు, మీ నియమాల కాగితాన్ని దిద్దండి. ఏ ఖానాల మధ్య తేడా వచ్చిందో పట్టిక వేస్తే సాధారణంగా ఒకే చోట పోగుపడి ఉంటుంది. నేను పందెం కాసేది "గుర్తు లేనిది" దగ్గర.

నియమాల్లో "మర్యాదగా ఉందా" అన్న ప్రశ్న రాయకండి. గోదావరి జిల్లాల చెవికి అండి లేకపోతే మొరటు, తెలంగాణ చెవికి అదే మామూలు. రూపం ఏమిటో వేయమనండి, మర్యాద గురించి తర్వాత మీరు వాదించండి.

లెక్కకు ఆధారం కూడా సరిగా ఉండాలి. "ఆ", "ఊఁ", "సరే" లాంటి వాటికి మనిషి రూపం వచ్చే అవకాశమే లేదు, వాటిని హారంలోకి తెస్తే శాతాలన్నీ కుంగిపోతాయి. ఎదుటి మనిషిని ఉద్దేశించి, క్రియ వచ్చే అవకాశం ఉన్న మాటలే తీసుకోండి.

పన్నెండు మంది నుంచి 600 మాటలు తీస్తే మీ దగ్గర 600 విడి పరిశీలనలు ఉన్నట్టు కాదు. ఒకే మనిషి మాటలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. అందుకే మామూలు కై వర్గ పరీక్ష చేస్తే లేని తేడాలు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. మాట్లాడేవారికి, జంటకు విడివిడిగా స్థానం ఇచ్చే మిశ్రమ నమూనా వాడండి, ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఎల్ఎంఈ4 ప్యాకేజీ చేస్తుంది. అక్కడా ఒక ఇబ్బంది వస్తుంది: అత్తాకోడళ్ల జంటలో కోడలు వందకు వంద మీరు అంటే ఆ గడిలో మార్పే ఉండదు, నమూనా తేలకుండా హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరికను దాచి అంకెలు రాయకండి. అలాంటి జంటలకు నమూనా మానేసి, అసలు లెక్కలు పట్టికగా ఇవ్వండి. ఆరు కుటుంబాల డేటాకు పట్టికే చాలాసార్లు ఎక్కువ చెబుతుంది.


జవాబు 5: క్రియాంతం

సర్వే సంగతి మీరు అడిగారు, మర్చిపోయాను. పారేయకండి, చివరికి జరపండి. రికార్డింగులు ముగిశాక అదే మనుషులకు ప్రశ్నావళి ఇవ్వండి. "మీటింగులో అతన్ని ఏమంటారు?" అన్నదానికి వాళ్ల జవాబును, వాళ్ల సొంత మాటలతో పక్కపక్కన పెట్టొచ్చు. నలభై ప్రశ్నలు అక్కర్లేదు, పది చాలు. ఆ రెంటికీ పొసగని చోట, ఒప్పుకుంటే, వాళ్ల ముక్కను వాళ్లకే వినిపించి "ఇక్కడ ఏం జరిగింది?" అని అడగండి. వాళ్లు చెప్పే కారణం నిజమైన కారణమే అని తీసుకోకండి, దాన్ని కూడా డేటాగా తీసుకోండి.

ఇంటి రికార్డింగుకు రాత్రి భోజనం వేళ పట్టుకోండి. నలభై నిమిషాలు అందరూ ఒకచోట ఉంటారు, అడగడాలు, ఇవ్వడాలు వరసగా నడుస్తాయి: "కాస్త పచ్చడి వెయ్యి", "నీళ్లు అందుకో", "మీరు మజ్జిగ పోసుకోలేదు". ఆజ్ఞ రూపంలో వెయ్యి, వేయండి తేడా స్పష్టంగా దొరుకుతుంది. టీవీ ఆపమని ముందే చెప్పండి, నటుల గొంతులు కుటుంబం గొంతుల్లో కలిసిపోతే ఈలాన్‌లో ఏరడం నరకం.

భోజనాల దగ్గర ఒక పక్క ఖానా కూడా పెట్టుకోండి, థాంక్స్‌కు. ఫ్లాయిడ్ బృందం 2018లో ఎనిమిది భాషల్లో ఇళ్లలోనూ ఇరుగుపొరుగులోనూ వెయ్యికి పైగా అడగడాలు చూస్తే, అడిగింది దొరికాక కృతజ్ఞత మాటలో చెప్పింది వందకు ఆరుసార్ల లోపే. ఈక్వెడార్‌లో మాట్లాడే చాపలా భాషలో దానికి స్థిరమైన మాటే లేదు. మన ఇళ్లలో "ధన్యవాదాలమ్మా" అనం అని అందరం ఒప్పుకుంటాం, కానీ తెలుగులో ఎంతో లెక్కపెట్టి చెప్పాలి. మీ ఆఫీసు రికార్డింగుల్లో "థాంక్యూ అండి" ఎవరు ఎవరికి అంటున్నారో, ఇంట్లో అదే మనిషి నోట ఆ మాట వచ్చిందో లేదో మీ దగ్గర ఎలాగూ ఉంటుంది.

ఫోన్లు కూడా పట్టించుకోండి. "హలో", "ఆ చెప్పండి", "ఆ చెప్పు", ఎత్తిన మొదటి మాటలోనే సంబంధం తేలిపోతుంది. పెట్టేటప్పుడు "సరే మరి, ఉంటానండి", "ఉంటా", "పెట్టేస్తున్నా" అన్నవి విడిగా రాసుకోండి. "ఉంటానండి"లో క్రియ తన గురించి, అండి ఎదుటివారికి, కాబట్టి మీ క్రియ ఖానాలో అది పడదు, చేర్పుల ఖానాలోనే పడుతుంది. ఆఫీసు ఫోన్లలో అవతలి మనిషి అనుమతి లేకపోతే ఇవతలి గొంతు మాత్రమే వాడాలి. అలాంటప్పుడు జంట పూర్తి కాదు గనక, నేను మొదట చెప్పినట్టు, ఆ కాల్ జంటల పట్టికలోకి ఎక్కదు.